మీరాలం చెరువు పక్కన రాక్షసబల్లి

శిల్పాన్ని గురించి మాట్లాడే అధికారం నాకు లేదు. నేను గోదావరిఖనిలో ఒక కళాశాలలో తెలుగు చెప్పేవాణ్ణి. విమర్శలో మేము ‘శిల్పం’ అన్న మాటను చాలా ధారాళంగా వాడుతాము. కథాశిల్పమంటాము, పద్యశిల్పమంటాము, వస్తువుకూ శిల్పానికీ గల సంబంధాన్ని గురించి గంటసేపు ఉపన్యసిస్తాము. రాయి మోసినవాళ్లం కాము, ఉలి పట్టినవాళ్లం కాము. అయినా ఆ విద్య ఏదో మాకు పిత్రార్జితంగా సంక్రమించినట్టు ఒక భ్రమ. ఆ భ్రమలో వుండబట్టే నిరుడు మా కాలనీవాళ్లు ఒక పద్యం రాసిపెట్టమని వచ్చినప్పుడు నేను సంతోషంగా ఒప్పుకున్నాను.

సంగతేమంటే, మా కాలనీ చివర ఒక కుంట వున్నది. దాని కట్టను చదును చేసి, నాలుగు బెంచీలు వేసి, కాస్త గడ్డి పెంచి దాన్ని పార్కు అన్నారు. పార్కు అన్న తరువాత అందులో జంతువు బొమ్మ వుండి తీరాలని మన పట్టణాల్లో ఒక నియమం ఎప్పుడో ఏర్పడిపోయింది. సిమెంటు జింకలు, సిమెంటు కొంగలు, నోరు తెరిచి చెత్త వేయించుకునే సిమెంటు కుందేళ్లు మనందరం చూసినవే. మా కమిటీవారు సింహాన్ని నిర్ణయించుకున్నారు. పీఠం మీద చెక్కించడానికి పద్యం కావాలె, గంభీరంగ ఉండాలె సార్ అన్నారు. రెండు రోజుల్లో ఒక కందమూ, ఒక ఉత్పలమాలా తయారుచేశాను. మృగరాజు, గుహ, గర్జన, ఏనుగు కుంభస్థలం చీల్చగా రాలిన ముత్యాలు అన్నీ వాటిలో వున్నవి. ఏనుగు తలలో ముత్యాలుండవని నాకు తెలియదా? తెలుసు. అయినా చెయ్యి దానంతటదే ఆ దారినే పోయింది. ఎనిమిది తొమ్మిది శతాబ్దాలుగా కవుల చేతులు పోయిన దారి అది, బాగా నలిగివుంటుంది.

ఆ పద్యాలు కమిటీకి అందకముందే హైదరాబాదు వెళ్లవలసివచ్చింది. మా బాపుకు కళ్ల పరీక్ష వున్నది. మావాడికి బడి సెలవులు, మూడో తరగతి చదువుతున్నాడు, వాణ్ణీ వెంటబెట్టుకున్నాము. పరీక్ష ఉదయమే అయిపోయింది. మధ్యాహ్నం జంతుప్రదర్శనశాలకు పోదామని వాడు పట్టుబట్టాడు.

నెహ్రూ జంతుప్రదర్శనశాల మీరాలం చెరువు పక్కన వున్నది. అంతకుముందు బాగ్-ఎ-ఆమ్‌లో వుండిన జంతువులను ఇక్కడికి తరలించి 1963 అక్టోబరు 6న దీన్ని తెరిచారు. సుమారు 380 ఎకరాలు. చెరువు సంగతి ఇంకా పాతది. 1804లో మొదలుపెట్టి 1806కల్లా కట్టిన ఆ కట్ట 21 అర్ధచంద్రాకారపు కమానులు పక్కపక్కన నిలబడి నీటిని ఆపేట్టు కట్టినది. నగరానికి ఒక కాలంలో మంచినీళ్లిచ్చిన చెరువు. నా దృష్టిలో ఆ కట్టే అక్కడ వున్న గొప్ప శిల్పం. కాని చెరువుకట్టను శిల్పమని ఎవరూ అనరు. దానికి తల, తోక లేవు గదా!

పులినీ, సింహాన్నీ, నీటిగుర్రాన్నీ చూసి, ఆ దారిన పోతూ ప్రాచీన జంతువుల బొమ్మలున్న చోటికి చేరుకున్నాము. రాక్షసబల్లులు. రెండు కాళ్ల మీద నిలబడి నోరు తెరుచుకున్న ఒకదాని ముందు మావాడు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. దాని పేరు, పొడవు, బరువు, అది ఎన్ని పళ్లతో ఎట్లా నమిలేదో అన్నీ వాడే చెప్పాడు. ఈ కాలపు పిల్లలకు ఇంట్లో పెరట్లో తిరిగే తొండ పేరు తెలియదుగాని ఈ పేర్లన్నీ తెలుసు.

నాకు లోపల ఒక ఉపన్యాసం తయారవుతున్నది. అమెరికా సినిమాలు ఈ జంతువును ప్రపంచమంతటా అమ్మినవనీ, మనం మన కళాదృష్టిని కూడా దిగుమతి చేసుకుంటున్నామనీ, ఇటువంటివి. అది చెప్పబోయేంతలో మా బాపు చెయ్యి చాచి ఆ బొమ్మ తోకను వేలి మెటికెతో కొట్టాడు. ఒకసారి కొట్టి విన్నాడు. ఒక జానెడు జరిగి మళ్లీ కొట్టాడు.

‘డొల్ల’ అన్నాడు.

మా బాపు ముప్పైమూడేళ్లు బొగ్గుబాయిలో పనిచేసి దిగిపోయిన మనిషి. తట్ట, చెమ్మస్ పట్టుకుని ఫిల్లరుగా చేరాడు. టబ్బులు నింపి నింపి, తరువాత టింబర్‌మన్‌గా మారాడు. పైకప్పు కింద దుంగలు నిలబెట్టే పని. బాయిలో పైకప్పును కర్రతో కొట్టి చప్పుడు విని గదా లోపలికి అడుగుపెట్టేది. గట్టిగా కంగుమంటే రాయి నిలుస్తుంది. డొల్లగా పలికితే పొర వూడి వున్నది, ఏ క్షణాన్నయినా మీద పడుతుంది. ఆ చప్పుడు తేడా పట్టలేకపోయినవాళ్లు కొందరు ఆయన తోటివాళ్లలో తిరిగి రాలేదు. ఇంట్లో కూడా ఆయనకు ఆ అలవాటు పోలేదు. కొత్త ఇంటి గోడలు, తలుపులు, చివరకు సంతలో కొన్న గుమ్మడికాయ, అన్నిటినీ మెటికెతో కొట్టి వింటాడు.

‘లోపట ఇనుప సువ్వలు, జాలీ, మీదికెళ్లి సిమెంటు’ అని తేల్చాడు. తరువాత దాని కాలి కండను, మోకాలు వంపును చాలాసేపు చూశాడు. ‘మేస్త్రి పనిమంతుడే. నిలబడే బరువంత తోక మీద ఏసిండు’ అన్నాడు. నాకు తట్టని సంగతి అది. కొంచెం సేపాగి అడిగాడు: ‘ఇది మనదా, బయటిదా?’

‘బయటిది బాపూ. అమెరికాల ఉండె.’

‘మరి మనది ఏది?’

ఆ ప్రశ్నకు నాదగ్గర జవాబు వున్నది. ‘మనది ఇక్కడ లేదు. రేపు పొద్దుగాల చూపిస్త’ అన్నాను. అప్పటిదాకా నాకూ అది పుస్తకాల్లో వున్న సంగతే, కంటితో చూసింది కాదు.

రాక్షసబల్లి అన్న మాటను గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. 1842లో రిచర్డ్ ఓవెన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు గ్రీకు మాటలతో కట్టిన పేరుకు భయంకరమైన బల్లి అని అర్థం. మనం దానిని తెలుగు చేసేటప్పుడు భయంకరత్వం చాలదనుకుని రాక్షసత్వాన్ని తగిలించాము. పేరులోనే దానికి పురాణం వచ్చేసింది. మన పల్లెల్లో పెద్ద ఎముక ఏది బయటపడ్డా రాక్షసుడిదనే అనుకునేవాళ్లు. ఆ నమ్మకాన్ని పోగొట్టవలసిన శాస్త్రపు మాట కూడా ఆ రాక్షసుణ్ణే మళ్లీ తెచ్చి కూర్చోబెట్టింది. పాపం, ఆకులు మేసిన జంతువు కూడా రాక్షసబల్లే!

ఆ ఓవెన్ మహాశయుడికే సంబంధించిన మరొక సంగతి వున్నది. ఇటువంటి జంతువులను నిలువెత్తు బొమ్మలు చేసి, కొలను చుట్టూ పార్కులో నిలబెట్టడమనే ఆచారం ప్రపంచంలో మొట్టమొదట అక్కడే మొదలైంది. 1854లో, లండను దక్షిణాన సిడెన్‌హామ్‌లో, క్రిస్టల్ పాలెస్ తోటలో. బెంజమిన్ వాటర్‌హౌస్ హాకిన్స్ అనే శిల్పి ఇటుక, ఇనుము, సిమెంటుతో వాటిని కట్టాడు. ఓవెన్ సలహాదారు. ఒక జంతువు, దాని పేరు ఇగ్వానడాన్, దాని అచ్చులో కూర్చుని 1853 డిసెంబరు 31 రాత్రి పెద్దమనుషులు విందు భోజనం చేశారు. సామ్రాజ్యం కడుపు నిండి వున్న కాలం, జంతువు కడుపులో కూర్చుని తినవలెనని బుద్ధి పుట్టడంలో ఆశ్చర్యం లేదు. ఆ తోటలోనే బొగ్గుపొరలు కనిపించేట్టు ఒక కొండ ముక్కను కూడా కట్టిపెట్టారు. బొగ్గు తవ్వినవాళ్లను మాత్రం కట్టిపెట్టలేదు.

హాకిన్స్ తన ఇగ్వానడాన్‌కు ముక్కు మీద ఒక కొమ్ము పెట్టాడు. నాలుగు కాళ్ల మీద ఖడ్గమృగం మాదిరి నిలబెట్టాడు. అప్పటికి దొరికిన ఎముకలు కొద్ది. వాటిలో ఒక కూచి ఎముక వున్నది. అది ఎక్కడిదో తెలియక, ముక్కు మీదిదని శాస్త్రజ్ఞులు అనుకున్నారు. ఇరవైనాలుగేళ్లు గడిచినవి. 1878లో బెల్జియంలో బెర్నిసార్ అనే వూళ్లో, భూమికి 322 మీటర్ల లోతున, బొగ్గు కార్మికులకు ఆ జంతువుల అస్థిపంజరాలు దొరికినవి. ఒకటి కాదు, రెండు కాదు, ముప్పైకి పైగా. చాలావరకు ఎముకలు వేటి చోట అవి వుండినవి. చూడగా, ఆ కొమ్ము ముక్కు మీదిది కాదు. అది దాని బొటనవేలు.

లండను శిల్పి తప్పును, విందు ఆరగించిన పండితుల తప్పును సరిదిద్దింది బొగ్గుబాయి కార్మికులు. సరిదిద్దుతున్నామని వాళ్లకు తెలియదు, బొగ్గుకోసం తవ్వుతున్నారు. మొదట ఆ ఎముకలను రాయిగా మారిన మానులనుకున్నారట. అయినా పలుగు తగిలిన చప్పుడులో ఏదో తేడా కనిపెట్టి ఆగినవాడు ఒకడు వుండివుంటాడు. ఆగకపోతే ఆ ఎముకలన్నీ టబ్బుల్లో బయటికి పోయి, రాళ్లకుప్పలో పడేవి.

మరునాడు నౌబత్ పహాడ్ మీది బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలకు వెళ్లాము. అక్కడినుంచి హుస్సేన్‌సాగర్ అంతా కనిపిస్తుంది. చెరువు నడుమ బుద్ధుడు, కట్ట మీద 1986లో వరుసగా నిలబెట్టిన మన కవులు, పాలకులు, సంస్కర్తలు. ఆ వరుసలో జాషువా వున్నాడు. ఆయన 1941లో ప్రచురించిన ‘గబ్బిలం’లో దళితుడి గోడును ఈశ్వరుడికి మోసుకుపోయింది గబ్బిలం. హంసా కాదు, మేఘమూ కాదు. జాషువా పక్కన ఆ గబ్బిలం కూడా ఒకటి వుండవలసిందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఈ నగరంలో అర్థవంతమైన జంతుశిల్పం అదొక్కటే అయ్యేదేమో. ఇది దారి తప్పిన మాట, వదిలేస్తాను.

లోపల కోటసారస్ వున్నది. బొమ్మ కాదు, ఎముకలు. ప్రాణహిత పరిసరాల్లో, పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర 1970ల చివరలో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వారికి దొరికినవి. మొత్తం 840 ఎముకలు. పి. యాదగిరి వాటిని పరిశీలించి 1988లో దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. పొడుగు మెడ, పొడుగు తోక, చెట్ల ఆకులు మేసిన శాకాహారి. సుమారు 18 కోట్ల ఏళ్ల నాటిది. దాని చుట్టం ఒకటి నది అవతల సిరొంచ తాలూకాలో అంతకుముందే దొరికింది. భారత గణాంక సంస్థవారు 1958–61 మధ్య తవ్వి తీశారు. మహలనోబిస్ పిలుపు మీద లండను నుంచి వచ్చిన పమేలా రాబిన్సన్ ఆ సంస్థలో ఇటువంటి పనికి దారి వేసింది. ఒక తొడ ఎముకే మనిషెత్తు. ‘బడ పా’, అంటే పెద్ద కాలు అన్న బెంగాలీ మాటతో టాగూరు పేరు కలిపి 1975లో దానికి బారపాసారస్ టాగోరై అని నామకరణం చేశారు. అది కలకత్తాలో నిలబడి వున్నది. మన గోదావరి లోయ జంతువు పేరులో విశ్వకవి చేరడం మంచిదే. యామన్‌పల్లి అనే చిన్న వూరు చేరడం నాకు ఇంకా నచ్చింది.

మా బాపు ఆ అస్థిపంజరం చుట్టూ మూడుసార్లు తిరిగాడు. మెటికెతో కొట్టలేదు. వెన్నుపూసలు లెక్కబెడుతున్నట్టు పెదవులు కదుపుతున్నాడు.

‘ఇవన్ని ఒక్కదాని బొక్కలేనా?’

‘కాదు బాపూ. కనీసం పన్నెండు జంతువులయి అంటరు. అన్ని ఒక్క తావునే దొరికినయి. కలిపి నిలబెట్టిండ్రు.’

‘అంటే పన్నెండు మంది పోతే ఒక్కడు నిలబడ్డడన్నట్టు’ అన్నాడు. అని మళ్లీ, ‘ఒక్క తావున పన్నెండు ఎట్ల సచ్చినయి? వరదనా?’ అని అడిగాడు. ఆ ఎముకలను నది కొట్టుకువచ్చి వుంటుందా, అక్కడే చచ్చినవా అన్నది శాస్త్రజ్ఞులు వేసుకునే ప్రశ్నే. ఆయనకది ఇంకొక దారిన వచ్చింది. బాయిలో ఒకేచోట పలువురు పోవడానికి రెండే కారణాలుంటవి, నీళ్లు పడడం, కప్పు కూలడం.

తవ్విన కూలీలెవరని కూడా అడిగాడు. నేను చదివిన వాటిలో ఆ పేర్లు నాకు కనిపించలేదు. బెర్నిసార్ కార్మికుల్లో ఒకరిద్దరి పేర్లయినా పుస్తకాలకెక్కినవి.

ఆ ప్రదర్శనశాలలోనే మా వూరి జంతువు ఒకటి వున్నది. ఇది అసలు నేను మరిచిపోయిన సంగతి. రామగుండం ప్రాంతపు మేడిపల్లి ఓపెన్‌కాస్టు గనిలో పైమట్టి తీస్తుండగా స్టెగోడాన్ అనే జంతువు దంతాలు బయటపడినవి. ఏనుగుల చుట్టం, ఇప్పుడు భూమి మీద లేని జాతి. సింగరేణి వారు వాటిని ఈ ప్రదర్శనశాలకు ఇవ్వగా 2023లో ఇక్కడ ప్రజల ముందుకు వచ్చినవి. మేడిపల్లి మా ఇంటినుంచి ఎంతో దూరం లేదు. అక్కడ పేలుళ్లు జరిగినప్పుడు మా కాలనీలో గిన్నెలు కదిలేవి. ఆ కదలడం తప్ప మేడిపల్లి గురించి నాకు మరేమీ తెలియదని అప్పుడు అర్థమైంది. పద్యంలో ఏనుగు కుంభస్థలం చీల్చి ముత్యాలు రాల్చినవాణ్ణి, ఇంటి పక్క మట్టిలో నిజమైన ఏనుగు దంతం వున్నదని పట్టించుకోలేదు!

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. కవిత్వానికి భూగర్భశాస్త్రంతో పనేమిటి, కవి ఊహించకూడదా అని. ఊహించవచ్చు. హాకిన్స్ కూడా ఊహించాడు. అతడికి ఎముకలు కొద్ది. మిగిలినదంతా ఊహే, ఆ ఊహ తప్పింది. అయినా ఆ బొమ్మలు నేటికీ ఆ కొలను పక్కన ముక్కు మీద కొమ్ముతోనే నిలబడివున్నవి. వాటిని చూస్తే నవ్వు రాదు, గౌరవం కలుగుతుంది. ఎందుకంటే ఆ తప్పు తెలుసుకోబోయి చేసిన తప్పు. బొటనవేలిని కొమ్మనుకున్నవాడు ఎముకను చేత్తో పట్టుకుని చూశాడు. మా కాలనీ సింహం అట్లాటిది కాదు. అందులో తప్పు వుండడానికి కూడా వీలు లేదు. దాన్ని పోసే మేస్త్రి దేనినీ చూడవలసిన అవసరం లేదు. అచ్చు వున్నది, సిమెంటు పోస్తాడు. నా ఉత్పలమాలలోనూ అచ్చు వున్నది, మాటలు పోశాను. మన ప్రబంధాల్లో చాలావాటి వేట ఘట్టాలు ఈ అచ్చులోనివే. కవి అడవికి వెళ్లకుండా అడవిని వర్ణిస్తాడు, నేను దాన్ని తరగతిలో అంతకన్నా దూరంనుంచి వర్ణిస్తాను. ముప్పైమంది పిల్లలు, సగంమంది బాయి పనివాళ్ల బిడ్డలు, రాసుకుంటారు. ఈ మాట నన్ను నేను కించపరుచుకోవడానికి చెప్పడం లేదు. పోతన గజేంద్రుణ్ణి మడుగులోకి దింపిన తీరు చదివితే ఆ నీళ్లు, ఆ బురద, ఆ ఏనుగుల గుంపు అన్నీ కంటికి కడతవి. అక్కడ అచ్చు లేదు. ప్రబంధ కవులందరినీ ఒకే గాటన కట్టే విమర్శకులతో నాకు తగాదా ఎప్పుడూ వున్నది.

తిరుగు ప్రయాణం భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో. మావాడు నిద్రపోయాడు. జమ్మికుంట దాటిన తరువాత మా బాపు ఉన్నట్టుండి అడిగాడు.

‘ఆ ఆకురాయి ఉన్నదారా?’

నాకు ఏడెనిమిదేళ్లప్పుడు ఆయన డ్యూటీ దిగి వస్తూ టిఫిన్‌డబ్బా సంచిలో ఒక రాయి తెచ్చాడు. నల్లని పలక. దాని మీద ఒక ఆకు అచ్చు, నాలుక ఆకారంలో, నడుమ ఈనె, ఇరువైపులా వల అల్లినట్టు సన్నని ఈనెలు. పైకప్పులోంచి రాలిన ముక్క అది. దాని పేరు గ్లోసాప్టెరిస్ అని, గ్రీకులో గ్లోసా అంటే నాలుకేనని నాకు ఎంఏ చదివే రోజుల్లో సైన్సు మిత్రుడొకడు చెప్పాడు. మన బొగ్గంతా ఎక్కువగా ఆ జాతి చెట్ల వల్లనే ఏర్పడింది. వయస్సు 25 కోట్ల ఏళ్లకు పైమాటే. అంటే రాక్షసబల్లులకంటె చాలా ముందటిది. ఆ ఆకు దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, అంటార్కిటికాలో కూడా దొరికింది. అవన్నీ ఒకప్పుడు ఒకే ఖండమని చెప్పడానికి ఆ ఆకే ఒక సాక్షి. ఆ ఖండానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గోండ్వానా, గోండుల నేల. మా ఆదిలాబాదు అడవుల్లో భూమిపట్టాకోసం కచేరీల చుట్టూ తిరిగే మనుషుల పేరు ఒక మహాఖండానికి వున్నదన్నమాట.

మా అవ్వ ఆ రాయిని తులసిగద్దె దగ్గర పెట్టింది. చాలా ఏళ్లు అక్కడే వున్నది. మేము క్వార్టరు ఖాళీ చేసి సొంత ఇల్లు కట్టుకునేటప్పుడు సామానుతోపాటు వచ్చింది. పునాది గోడలు లేచిన తరువాత లోపల మొరం పోసి నింపుతున్నారు. మొరం తక్కువపడ్డది. ‘రాళ్లురప్పలు ఏమన్నుంటె ఏయుండ్రి సార్’ అన్నాడు మేస్త్రి. నేను పెరట్లో కుప్ప వేసివున్న పాత ఇటుకలు, పగిలిన కుండలు, అన్నిటితోపాటు ఆ రాయిని కూడా నా చేత్తో ఎత్తి వేశాను. అది ఏదో తెలియక కాదు. దాని గ్రీకు పేరు తెలిసిన తరువాతనే వేశాను.

‘ఇంట్లనే ఉన్నది’ అన్నాను.

అది అబద్ధం కాదని ఆ రాత్రంతా నాకు నేనే చెప్పుకోవలసివచ్చింది.

‘ఎతుకు. పోరనికి సూపెట్టాలె. బొక్కలు సూసిండు గద, ఆకు గూడ సూడాలె’ అన్నాడు. తరువాత ఆ రాయి సంగతి చెప్పాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. ఆయన జతగాడు ఒకడు, మా వూరివాడే, పైకప్పు కొడుతూ ముందు నడుస్తున్నాడు. కంగుమన్నది. ఇంకో అడుగు వేశాడు. అక్కడ డొల్ల పలికింది. ‘ఎనుకకు రా’ అని బాపు చెయ్యి పట్టి లాగాడు. మంచం అంత పొర వూడి పడ్డది. ఇద్దరూ బతికినారు. దీపం వేసి చూస్తే పడిన పొర అడుగున అంతా ఆకులు, ఒకదాని మీద ఒకటి, చెట్టు కింద రాలినట్టు. బాపు ఒక ముక్క తీసుకున్నాడు, జతగాడు ఒక ముక్క తీసుకున్నాడు. ‘బొగ్గులకెళ్లి ఒక్క పెళ్ల గూడ ఇంటికి తేలేదు ఎన్నడు. అదొక్కటి తెచ్చిన’ అన్నాడు.

రామగుండం స్టేషనులో దిగేటప్పటికి చీకటి పడ్డది.

మరునాడు కమిటీవారు వచ్చారు. పద్యాలు చింపివేశానని చెప్పలేదు, కుదరలేదన్నాను. సింహం ఈ అడవుల్లో లేదు గదా, ఇంకేదన్నా పెట్టరాదా అన్నాను. పులి పెడదామా అని వాళ్లలో ఒకడు అన్నాడు, వెంటనే మరొకడు వద్దన్నాడు. 2020 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో పులి ఇద్దరిని చంపింది, ఒక యువకుణ్ణి, పత్తి చేలో పనిచేస్తున్న ఒక యువతిని. ప్రాణహిత దాటి మహారాష్ట్ర నుంచి పులులు ఇటు వస్తూనే వున్నవి. ‘పులి అంటె జనం జడుసుకుంటరు సార్, సింహమైతె ఏం గాదు’ అన్నాడు. ఎన్నడూ ఇటు రాని జంతువు కాబట్టే అది బొమ్మకు పనికివస్తుందన్నమాట. నా అలంకారశాస్త్రం మొత్తం ఆ ఒక్క మాటలో వున్నదనిపించింది.

మేడిపల్లి ఏనుగు సంగతి చెప్పాను. శ్రద్ధగానే విన్నారు. ఆ దంతాలు బయటపడ్డ సంగతి వాళ్లలో ఒకడికి నాకంటె ముందే తెలుసు, అతని తమ్ముడు ఆ గనిలోనే డంపర్ నడిపేవాడు. ‘కని సార్, మౌల్డు సింహానిదే ఉన్నది. అడ్వాన్సు గూడ ఇచ్చినం’ అన్నారు. దానికి నేనేమి చెప్పగలను? పీఠం మీద పద్యానికి బదులు వచనంలో నాలుగు వాక్యాలు రాసి ఇస్తానన్నాను. సరే అన్నారు.

మేడిపల్లి గనిలో దొరికిన దంతాల గురించి ఒకటి, యామన్‌పల్లి ఎముకల గురించి ఒకటి, మన బొగ్గు ఏ ఆకులతో ఏర్పడిందో ఒకటి, ఇవన్నీ తవ్వి తీసినవాళ్లు ఎవరో ఒకటి. ఎనిమిదో తరగతి పిల్లవాడు తడబడకుండా చదవగలిగేట్టు రాయడానికి నాకు వారం రోజులు పట్టింది. పద్యాలకు రెండు రోజులే పట్టినవి.

సంక్రాంతి తరువాత సింహం ట్రాలీలో వచ్చింది. కుంట వైపు ముఖం పెట్టి నిలబెట్టారు. మా బాపు మనవణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి, నాలుగుచోట్ల కొట్టి చూసి వచ్చాడు. వాడు ఇప్పుడు ఇంట్లో నేలను కూడా కొట్టి వింటున్నాడు. ఏ గదిలో ఎట్లా పలుకుతున్నదో తాతకు చెబుతున్నాడు. ఆ రాయి ఏ గది కిందికి పోయిందో నాకు గుర్తు లేదు.

పీఠం ఇంకా ఖాళీగానే వున్నది. నిన్న సాయంత్రం కమిటీ పెద్ద కనిపించి, నా కాగితం జేబులోంచి తీసి, మడత విప్పి, మళ్లీ ఒకసారి చదువుకున్నాడు.

‘అంత మంచిగనే ఉన్నది సార్. కని ఇండ్ల సింహం ముచ్చటే లేదు గద!’ అన్నాడు.